గురువారం నాలుగింటికి

రాజయ్యగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే "గదేముంది మేడం" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

సర్వర్ గది డ్యూటీ నుంచి మీరు రిటైరైన పన్నెండో రోజున, కస్టమర్ల ఆన్‌లైన్ కనెక్షన్లన్నీ దాటివెళ్లే మన ట్రాఫిక్ సర్వర్ ఆగిపోయింది. ఆసుపత్రివాళ్ల ఓపీ టోకెన్లు గంటసేపు నిలిచిపోయాయి. ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి మీరు దాన్ని రీస్టార్ట్ చేస్తుంటే, సాయిబాబా భక్తి అని మా కోడింగ్ టీంలో నేనూ, ఆదర్శూ, ప్రవీణా నవ్వేవాళ్లం.

కోడ్‌లో తప్పు దొరికిందండి. ప్రతి కనెక్షన్‌కూ తీసుకున్న మెమరీని పని అయ్యాక వదిలేయాలి. ఒకచోట వదలడం లేదు. అది పేరుకుని పది పన్నెండు రోజుల్లో సర్వర్ నిండిపోయేది. బయటివాడెవడైనా కనిపెట్టి పనిగట్టుకుని కనెక్షన్లు పంపితే గంటలో కూలిపోయేది. ఆ ముక్క రాసింది నేనే.

మీరు వదిలివెళ్లిన నోటుబుక్కు తెరిచాను. అందులో మొదటి గురువారం ఎంట్రీ ఆరేళ్ల కిందటిది. "మేడం కోడ్ పెట్టినప్పటిసంది మిషన్ నిండుతున్నది. మేడం దవాఖానల ఉంది, బిడ్డ పుట్టింది. జర తేరుకున్నంక చెప్పాలె." నాలుగు నెలల తర్వాత: "మేడం వచ్చింది. మొఖం పీక్కపోయింది. ఇంకో వారం ఆగుదాం."

ఆ బిడ్డ, మా రసజ్ఞ, ఇప్పుడు ఒకటో తరగతి. చెప్పాల్సిందండి! చాలా కోపమొచ్చింది. ఆదివారం దాన్ని తీసుకుని చందానగర్‌లో మీ ఇంటికి వస్తాను, అప్పుడు పోట్లాడతాను.

కోడ్ దిద్ది మూడు వారాలైంది, సర్వర్ ఆగలేదు. అయినా నిన్న గురువారం నాలుగింటికి సీట్లోంచి లేచి సర్వర్ గదికి వెళ్లాను. అక్కడ ఆదర్శ్, ప్రవీణ అప్పటికే నిలబడి ఉన్నారు.

మీ మేడం