కిటికీకి పట్టిన చెమట

2024 జనవరి 6, శనివారం

ఈ కిటికీ నా ఉద్యోగం తీసేలా ఉంది. మేడమ్ వాళ్ళమ్మ, ఆ ముసలావిడ గదిలో, పొద్దున్న లేచేసరికి అద్దం లోపలివైపు నీళ్ళు ధారకడుతున్నాయి. కర్టెన్ అంచుకి నల్లగా బూజు. నేను సరిగ్గా తుడవటం లేదని మేడమ్ తేల్చేసింది. శుక్రవారానికి బాగవకపోతే నన్ను ఏజెన్సీ ఆఫీసుకి తిప్పి పంపేస్తుందట. గల్ఫ్‌కి వచ్చి నాలుగేళ్ళు చేశాను ఈ ఇంట్లో! ఒళ్ళు మండిపోయింది.

జనవరి 7

వేన్నీళ్ళతో మూడుసార్లు మాప్ పెట్టాను. కర్టెన్లు ఉతికి ఆ గదిలోనే హీటర్ పక్కన ఆరేశాను. రేపు తెలుస్తుంది మేడమ్‌కి, శాంతిప్రియ అంటే ఏంటో.

జనవరి 8

ఇంకా ఎక్కువ కారింది. ఛీ.

జనవరి 9, మధ్యాహ్నం

బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఎదురుగా అద్దం. వేన్నీళ్ళ స్నానానికి అదీ ఇలాగే మసకబారుతుంది కదా! అప్పుడు వెలిగింది. తడి మాప్, తడి కర్టెన్లు, ముసలావిడ దగ్గుకని రోజూ నేను పెట్టే ఆవిరి గిన్నె. తలుపులన్నీ బిగించి లోపల హీటర్. ఆ తడంతా ఎటు పోతుంది, చల్లటి అద్దం మీదకే పోతుంది. అంటే నీళ్ళు తెచ్చిందాన్ని నేనే. వెంటనే వెళ్ళి కిటికీ బార్లా తీసిపెట్టాను.

జనవరి 10

తగ్గలేదు. పైగా దుప్పట్లు కూడా చెమ్మగిల్లాయి. సర్దుకుందామని బ్యాగ్ కిందకి దించాను.

అదే రోజు, సాయంత్రం

డాబా మీద బట్టలు తీస్తుంటే తట్టింది. పొద్దున్నే ఆరేసినవి పదింటికల్లా పెళపెళలాడతాయి. మధ్యాహ్నం వేసినవి ఎంతకీ ఆరవు. ఖోర్ ఫక్కాన్‌ ఊళ్ళో పొద్దున పొడి కొండ గాలి, మధ్యాహ్నం నుంచి తడి సముద్రం గాలి. నిన్న నేను కిటికీ తీసింది సముద్రం గాలికి! ఇన్నేళ్ళు ఇవే చేతులతో బట్టలు ఆరేశాను. ఎంత మొద్దుదాన్నో.

జనవరి 11

ఏడింటికి ముసలావిడని హాల్లో కూర్చోబెట్టి శాలువా కప్పాను. గది కిటికీ గంటసేపు తీశాను. ఆవిరి గిన్నె వంటింట్లోకి, తడిబట్టలన్నీ డాబా మీదకి. మాప్ గట్టిగా పిండి ఒక్కసారే పెట్టాను. పని ఎగ్గొడుతున్నానంది మేడమ్. రేపు అద్దం చూసి అప్పుడు పంపించెయ్యమన్నాను. నోరు ఎలా వచ్చిందో నాకే తెలీదు.

జనవరి 12, శుక్రవారం, పొద్దున 6.10

పొడిగా ఉంది! వేలితో రుద్దితే కీచుమంది. మేడమ్ టిష్యూతో మూలమూలలా తుడిచి చూసింది. టిష్యూ తడవలేదు. ఎలా చేశానో వచ్చీరాని అరబీలో చెప్పాను. తడి నావల్లే వచ్చిందని కూడా చెప్పేశాను, అది దాస్తే మిగతాది చెప్పలేను మరి. ఆవిడ తనే టీ పెట్టి తెచ్చి ఇచ్చింది. కాలు మీద కాలేసుకుని తాగాను.

జనవరి 20

మేడమ్ చెల్లెలింట్లో కూడా ఇదే గొడవట. కారులో తీసుకెళ్ళారు, డాక్టర్ని తీసుకెళ్ళినట్టు. గదులన్నీ తిరిగి చూసి, వాళ్ళందరికీ క్లాసు పీకాను. ఈమెని మాకిచ్చెయ్యమని అడిగింది చెల్లెలు. ఇవ్వనంది మా మేడమ్, రెండుసార్లు.

ఫిబ్రవరి 3

పొద్దున మేడమ్ గుమ్మంలో నిలబడి, కిటికీ తియ్యనా అని నన్నడిగింది. చెయ్యి బయటపెట్టి చూశాను. ఇంకా సముద్రం గాలే, తిరగలేదు.

ఆగమన్నాను.

ఆగింది.