గడియారం మీది ఎర్రదారం

నాయనా,

తప్పు చేసింది నేనే. గుడియాత్తం పెద్దబడిలో ఆరో తరగతికి మొదటి దినం పోయొచ్చి, బెదురు తీరేదానికి చెల్లి వసంత టీవీ ముందర కూర్చుంటే, "ఈ కేబులు మనల్ని మత్తులో ముంచేదానికే వచ్చింది!" అని మా సంఘం కరపత్రంలోని మాటలు అరిచి వైరు పీకేసినాను. అది తన చెయ్యి తనే కొరుక్కొని, ఇంక బడికే పోననింది.

"ఏం దొరా, మీ నాయన అంటించిన దారం కనపళ్ళేదా?" అనింది అమ్మ.

మగ్గం మీద ఒక లుంగీ ముగిసేచోట పడుగు దారాలకు గుర్తు పెట్టినట్టు, గడియారం అద్దం మీద నువ్వు నిలువుగా అంటించిన ఎర్రదారం. ఆరింటికి రెండు ముళ్ళూ దానికింద నిలబడితే వసంతే టీవీ ఆపేస్తాది. నేను ఆరు కానీలేదు; ముందే ఆపితే అది తట్టుకోలేదని మరిచిపోయినాను.

నిన్న మళ్ళీ టీవీ పెట్టి, పక్కనే నోరు మూసుకొని కూర్చున్నాను. ఆరింటికి తనే ఆపింది. ఈ పొద్దు బడికి పోయింది. నువ్వు పోయినా నీ దారం పనిచేస్తానే ఉండాది నాయనా. నీకు దండం.

సాయంత్రం ఐదున్నరకు ఇంట్లో అందరూ టీవీ ముందర చేరాలని నా పిలుపు. నువ్వూ రా.