చేతులతో నేర్చుకునే రకం

మంగళవారం, విడవలూరు

టీచర్ల శిక్షణలో చెప్పారని హెడ్మాస్టరు గారు మా బడి పిల్లల్ని మూడు రకాలుగా విడదీయించారు. చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చేతులతో నేర్చుకునేవాళ్ళు. అలా విడదీసి చెబితే చదువు బాగా వస్తుందనడానికి రుజువు లేదని నేను అప్పుడే అన్నాను. "పైనుంచి వచ్చింది, మనకెందుకమ్మా" అని నా నోరు మూయించారు.

ఈరోజు ఏడో తరగతిలో కెజియాను పాఠం చదవమన్నాను. "నాకు చదివితే రాదు టీచర్, నేను చేతుల రకం" అంది. మొన్నటిదాకా తడుముకుంటూనైనా చదివేది.

సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది. రొయ్యల షెడ్డులో పొట్టు తీసే పని ఆమెది. "పాపకి చేతిపనే వస్తాదని మీ హెడ్మాస్టరు సారే చెప్పినారంట గదా టీచరమ్మా. ఇంక చదువెందుకు? రేపట్నుంచి నాతో పనికి తీసకపోతా" అంది. కోపంగా కాదు, ఏదో బరువు దిగినట్టు.

మీ పిల్ల చదవగలదమ్మా అన్నాను.

"మరి సారే చెప్పినారే?"

హెడ్మాస్టరు గారు పక్కనే ఉన్నారు. ఫోన్‌లోంచి తలెత్తలేదు.

కెజియా తన పుస్తకాల సంచి నా బల్ల మీద పెట్టి వాళ్ళమ్మ వెంట వెళ్ళిపోయింది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాలి. సారు చెప్పింది తప్పంటే, ఆమె నన్ను మాత్రం ఎందుకు నమ్మాలి...