పాటలో ‘ఆయ్’ అంటున్నది ఎవరు?

రాజోలు

ప్రియమైన మీకు,

ఇక్కడ అందరం క్షేమం. ఫోన్‌లో నిలదీద్దామంటే అత్తయ్యగారు పక్కనుంచి కదలరు. అందుకే దోహా తిరిగొస్తున్న కుమారస్వామి అన్నయ్యగారి చేతికి రొయ్యల పచ్చడితో పాటు ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మీ సెలవు రోజు, శుక్రవారం ఎప్పుడు ఫోన్ చేసినా మీ గదిలో ఎవరో ఆడమనిషి గొంతు వినిపిస్తోంది. అన్న మాటే మళ్ళీ మళ్ళీ, బతిమాలుతున్నట్టు. నేను అడగ్గానే టక్కున ఆపేసి, “ఏంలేదు వాణీ, పాటలే” అన్నారు. పాటలైతే ఆపడం ఎందుకండీ? పెళ్ళయి నాలుగేళ్ళు, అందులో మనం కలిసున్నది ఎంత? మన మధ్య ఉన్నదల్లా నమ్మకమే. అదీ లేదంటే కొత్తపేటలో మా అమ్మ ఉంది, వెళ్ళిపోతాను.

జవాబు కోసం చూసే,
సత్యవాణి

దోహా

ప్రియమైన వాణీ,

పచ్చడి అందింది. నీ ఉత్తరం ముందు దాని ఘాటు ఏపాటి!

అవి నేను కారు నడిపే ఇంగ్లీషు ఇంజనీరుగారు దారిపొడవునా పెట్టే పాటలు. లండన్ డాన్సు పాటలు. గ్యారేజ్ అంటారు, అందులో ఒక రకం టూ-స్టెప్. మొదట్లో తలనొప్పిగా ఉండేది, తర్వాత అవి లేకపోతే తోచకుండా పోయింది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కితే కాలికింద బల్ల కదిలి, తూలి, మళ్ళీ నిలదొక్కుకుంటామే, ఆ దరువు అలా ఉంటుంది. పైన పాడే గొంతులో దిగులు, కింద హుషారు. ఇక్కడ నా బతుకూ అంతే కదా.

పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. చివరి పాట శ్రద్ధగా విను. ఆ గొంతు ఎవరిదో నువ్వే చెప్పాలి.

నీ
బాబ్జీ

రాజోలు

ప్రియమైన మీకు (అలవాటు కొద్దీ రాశాను),

విన్నాను. తప్పు పట్టడానికే కూర్చున్నాను గానీ పాటలు బాగున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. దరువు పడుతుందనుకున్న చోట పడదు. పడలేదే అనుకునేలోపు వచ్చి పట్టుకుంటుంది. కొబ్బరి కోరుతుంటే చెయ్యి కూడా ఆ వరసలోనే ఆడింది. ఇంత కోపంలోనూ కాళ్ళు ఊరుకోలేదు.

కానీ ఆ చివరి పాట! అందులో ఆవిడ ‘ఆయ్’ అంటోంది. ఇంగ్లీషు వాళ్ళు ఆయ్ అంటారా? సన్నని పడుచు గొంతు, మన గోదావరి వైపు మనిషే. “ఆయ్... ఆయ్... నండి” అని గారాలు పోతోంది. పైగా ఎవరో నన్నే చెప్పమంటారా? సంచిలో బట్టలు సర్దుకున్నాను. మీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఆ తర్వాత ఆగను.

సత్యవాణి

దోహా

ప్రియమైన వాణీ,

నా నోటితో చెబితే నువ్వు నమ్మవు. ఆ పాట మా అమ్మకు వినిపించు. ఆవిడ ఎవరి పేరు చెబితే వాళ్ళే. తర్వాత నువ్వు ఏ శిక్ష వేసినా సరే.

బాబ్జీ

రాజోలు

ప్రియమైన మా ఆయనగారికి,

మీ పరువూ నా పరువూ పోతాయని భయపడుతూనే పాట పెట్టాను. అత్తయ్యగారు బియ్యం ఏరుతూ విని, “ఓసి పిచ్చిమొహమా, అది నీ గొంతే కదే! ముందు కాస్త ఊపిరి పీల్చి మరీ ఆయ్ అంటావు. పొద్దస్తమానం నేను వినేది అదేగా. నాతో అనేటప్పుడు ఇంత తియ్యగా మాత్రం ఉండదు” అన్నారు.

మళ్ళీ పెట్టి విన్నాను. వెనకాల మన రేకుల మీద వాన చప్పుడు కూడా ఉంది. రోజూ మీరు “తిన్నావా” అని అడిగితే “ఆయ్, తిన్నానండి” అని వాయిస్ మెసేజ్ పెడతాను. దాన్నే ముక్కలు కోసి, గొంతు సన్నం చేసి, దరువు మీద పేర్చారన్నమాట. సెలవు రోజంతా గదిలో మీరు చేసే పని ఇదా! నా గొంతు చూసి నేనే కుళ్ళుకున్నాను. సిగ్గుగా ఉంది, సంతోషంగానూ ఉంది.

సంచి విప్పేశాను. అత్తయ్యగారు రోజూ ఆ పాట పెట్టమంటున్నారు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. తిన్నానన్న ఆ పూటల్లో చాలాసార్లు నేను తినలేదు. మీరు లేకుండా కంచం ముందు కూర్చోబుద్ధి కాలేదు. మీకు నచ్చిన ఆ గొంతులో దిగులు అదేనండీ. ఇకమీదట అంత దూరం నుంచి “తిన్నావా” అని అడగకండి. వచ్చి, పక్కన కూర్చుని అడగండి.

ఆయ్ అనడానికి ఎదురుచూసే,
మీ వాణి