దోహాలో నీ డ్రిల్లు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ముచ్చట నీకు తప్ప ఇంకెవరికీ పట్టదు, అందుకే రాస్తున్నాను.

దోహాలో నేను చేరిన జపాన్ కంపెనీలో రోజూ పని మొదలెట్టే ముందు అందరం వరసల్లో నిలబడి డ్రిల్లు చెయ్యాలి. స్కూల్లో డ్రిల్లు మాస్టారివి నువ్వే అయినా, కడుపునొప్పని నీ పీరియడ్ ఎగ్గొట్టినదాన్ని, ఇంజనీరింగ్ చదివి మరీ ఇక్కడ దొరికిపోయాను. ఇదివరకు జపాన్ భాషలో క్యాసెట్ లెక్కపెట్టేది. ఈమధ్య ఫిలిప్పీన్స్ వాళ్లనీ, ఈజిప్టు వాళ్లనీ, మలయాళీలనీ, నన్నూ ఉద్యోగాల్లోకి తీసుకున్నాక మేనేజరు తనాకా గారు, "ఇకనుంచి వంతులవారీగా ఎవరి భాషలో వాళ్లు చెప్పండి" అన్నారు.

ఇవాళ నా వంతు. సముద్రం మీంచి పొగమంచు వచ్చి క్రేన్లు కూడా కనపడటం లేదు. ఎదురుగా మనుషులు తెల్లటి నీడల్లా ఉన్నారు. "ఒకటి, రెండు" అన్నాను. అచ్చం నీ గొంతే వచ్చింది. ఆ మంచులో చేతులన్నీ మెల్లగా పైకి లేచాయి. కాసేపు మన స్కూలు గ్రౌండులోనే ఉన్నాననుకున్నాను.

ఎనిమిది దాకా లెక్కపెట్టాక, నువ్వు రోజూ అనేట్టే, "చాలు, వెళ్లి నీళ్లు తాగండర్రా" అనేశాను.

ఎవరికీ అర్థం కాలేదు. నడుం వంచి నమస్కారం చేసి పనిలోకి వెళ్లిపోయారు.

నేనొక్కదాన్నే వెళ్లి తాగాను.