పిల్లి ఎదురైన రోజు లెక్కలోకి రాదు

ఆగస్టు 7, 2017
ఈ రోజు నుంచి నిజాయితీ పోటీ!
చీపురుపల్లిలో మా దుకాణం నుంచి పన్నెండు ఊళ్ళ కొట్లకు సబ్బులు, బీడీలు, బిస్కెట్లు మోపెడ్ మీద వేసేది నేనే. ఏ ఊరి తరవాత ఏ ఊరో నా బుర్రలోనే ఉంది. ఇంజనీరింగు చదివే మనవరాలు రేఖ అంతకన్నా దగ్గరి దారి లెక్కగట్టి ఫోన్లో పెట్టింది. ఫోను గెలిస్తే ఇక నా బుర్రతో పని లేదని, సరుకులేసే ఈ లైను ఆటోకి ఇచ్చేస్తాడట మా అబ్బాయి మురళీమోహన్. నేను గెలిస్తే లైను నాదే.
"ఒక్క రోజు సూసి తేల్చీకూడదు తాతా. ముప్పై రోజులు తిరుగు. ఏ రోజు ఏ దారో పొద్దున్నే రూపాయి బిళ్ళ సెప్పాల. ఓడిన రోజు కూడా రాయాల," అంది రేఖ.
"రాస్తానే. నాకు భయమేటి?"
బొమ్మ నాది, బొరుసు ఫోనుది. బొమ్మ పడింది! నాలుగు గంటల్లో తిరిగొచ్చాను.

ఆగస్టు 9
బొరుసు. ఫోను దారి. నాలుగుకు పది నిమిషాలు తక్కువ. రాశాను. మాటంటే మాట.

ఆగస్టు 11
బొమ్మ. సందు దాటకముందే పిల్లి. వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాను. అయిదు గంటలు పట్టింది. శకునం చెడిన రోజు కూడా ఒక రోజేనా? కొట్టేశాను.

ఆగస్టు 14
బొరుసు. అదే పిల్లి. ఫోనుకు శకునాల పట్టింపు లేదు కదా! వెళ్ళాను. రైలుగేటు పడింది. అయిదుంబావు. పెద్ద అక్షరాలతో రాశాను.

ఆగస్టు 17
బొరుసు. బిళ్ళ సరిగ్గా ఎగరలేదు. మళ్ళీ బొరుసే. బిళ్ళ అరిగిపోయినట్టుంది, ఇంకోటి అడిగాను.
"బొమ్మ పడీదాకా ఎగరేస్తే ఎప్పుడో పడతాది. కానీ, కానీ," అంది మా ఆవిడ లక్ష్మీనరసమ్మ, కొత్తది చేతిలో పెడుతూ.
పడింది!

ఆగస్టు 21
ఫోను దారి. లక్ష్మణమ్మ కొట్టు దగ్గర రెండు టీలు తాగాను. వాళ్ళ అల్లుడి సంగతి ఆసాంతం విన్నాను. వద్దంటే మర్యాద కాదు. ఆ ఆలస్యమంతా ఫోను ఖాతాలోకే.

ఆగస్టు 26
బొమ్మ. వాన. కొట్టేశాను. మిగిలినవి చూస్తే నేను చాలా ముందున్నాను!

సెప్టెంబరు 2
రేఖ హాస్టల్ నుంచి వచ్చింది. రాసిందంతా చదివింది.
"తాతా, పిల్లి నీ దారికే సెడ్డదేటి? ఫోను దారికి సుట్టమా?"
"పెద్దోణ్ణి, ఎదురు సెప్పకు."
మురళీమోహన్ నవ్వాడు. "అయితే ఓడిపోనాడన్నమాట. ఆటోని రమ్మంతాను."
మోపెడ్ తాళం తీసి జేబులో వేసుకున్నాను.
"ఓడిపోనేదు నాన్నా, గెలవనూ నేదు," అంది రేఖ. "ఇలాటి లెక్కతో ఏదీ తేలదు. అంతా కొట్టీసి మొదట్నించి తిరగాల."
"తేలీదాకా?" అన్నాడు మురళీమోహన్.
"లైను తాతదే."
వెంటనే గట్టిగా అడిగాను. "ముప్పై రోజులు సాలుతాదేటమ్మా? అరవై పెట్టు. లెక్కన్నాక గట్టిగుండాల."

సెప్టెంబరు 4
ఈ రోజు నుంచి నిజాయితీ పోటీ! కొట్టివేతలు లేవు. బిళ్ళ ఒక్కసారే.
బొరుసు పడింది. పడనీ. ఇంకా యాభై తొమ్మిది రోజులు లైను నాదే.