రంగు దిగిందనుకున్నాం

చెల్లీ,

ఏ జ్వరానికి భయపడాలి, ఏ జ్వరాన్ని దాని మానాన వదిలేయాలి అన్న ప్రశ్న పాప పుట్టినప్పటి నుంచీ నా వెంటే ఉంది. కంగారు పడకు. పాప ఆసుపత్రిలో ఉంది, ప్రాణభయం తప్పిందన్నారు.

మొన్న ఒళ్ళు కాలిపోతున్నా దాని కాళ్ళూ చేతులూ చల్లగా ఉన్నాయి. వాంతులు. "లైటు తీసెయ్యమ్మా, కళ్ళల్లో గుచ్చుతోంది" అంది. తొడ మీద ఊదారంగు చుక్కలు కనిపించాయి. అద్దకం పనిలో తలపండిన మీ బావ, "కొత్త పైజామా రంగు దిగిందే. ఇంత చదివీ మరకకీ మచ్చకీ తేడా తెలీదా నీకు? సబ్బుతో రుద్దు" అన్నారు. రుద్దాను, పోలేదు. గాజుతో నొక్కినా మాయం కాని మచ్చలైతే ప్రమాదమని మా కాలేజీ గోడ మీద అంటించిన కాగితం గుర్తొచ్చి, గాజుగ్లాసు ఆనించి నొక్కాను. గ్లాసు కింద కూడా చుక్కలు చెక్కు చెదరలేదు. వెంటనే ఎత్తుకుని పరుగెత్తాం. మెదడు పొరల వాపు, రక్తంలోకీ పాకిందని డాక్టరమ్మ చెప్పింది. మా ఇద్దరికీ కూడా ముందుజాగ్రత్తగా మందు మింగించారు.

మీ వాడికి జ్వరమొచ్చి మెడ బిగుసుకున్నా, మగతగా పడి ఉన్నా, కాళ్ళూ చేతులూ చల్లబడినా మచ్చలు వచ్చేదాకా కాచుక్కూచోకు, తీసుకెళ్ళిపో. నా ఊలు శాలువా ఎవరి చేతనైనా పంపు. నీ నడుంనొప్పి తగ్గిందా? మరిదిగారిని అడిగానని చెప్పు, వాడికి నా ముద్దులు.

ఈ జబ్బు ఒక్కోసారి వినికిడి తీసుకుపోతుందట. పరీక్ష ఇంకా చెయ్యలేదు. ఇందాక పిలిస్తే, అటు తిరిగి పడుకున్న పాప పలకలేదు. నిద్రేమో అని ఊరుకున్నాను. ఇంకోసారి పిలిచి చూడాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

అక్క